ముప్పై ఇళ్ల డునెడిన్

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఆసుపత్రి వంటగదిలో పనిచేసే లక్ష్మీబాయి ఆంటీది కరీంనగర్. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. యూనివర్సిటీలో చదువుకునే మా అందరికీ ఆవిడ ఆంటీయే.

2015లో ఆవిడ పట్టుదల ఒక్కటే: బతుకమ్మను బతుకమ్మ రోజునే ఆడాలి. ఇదీ ఒక పట్టుదలేనా అంటారేమో. మా ఊరి తెలుగువాళ్ల పండగలకు తేదీలు పెట్టేది ఆక్లాండ్ సంఘం. తర్వాతి శనివారం అయితేనే హాలు దొరుకుతుందని, దసరా దాటిపోయాక బతుకమ్మ పెట్టారు మహానుభావులు! నాకు ఒళ్లు మండింది. ఆంటీ నేరుగా సంఘం అధ్యక్షుడు రామమోహన్ గారికి ఫోన్ చేసి, డునెడిన్‌కు సొంత సంఘం కావాలంది.

ఆయనకు అమెరికా చరిత్ర పిచ్చి. ఏది అడిగినా అక్కడికే వెళ్తారు.

"ఒహాయో కూడా ముందు ఉత్త టెరిటరీయేనండీ లక్ష్మీబాయి గారూ. పైనుంచి పంపిన గవర్నర్ చెప్పిందే మాట. జనం అరవై వేలైతే రాష్ట్రం కావచ్చని రూలు. అయ్యాక పాత రాష్ట్రాలతో సమానమే. మీరూ ముప్పై కుటుంబాలు చూపించండి, సంఘం ఇచ్చేద్దాం."

ఆంటీకి తల తిరిగిపోయింది. "మనకు రాష్ట్రం కొట్లాడితే అచ్చింది గద బిడ్డా, గీ లెక్కలేంది?" అని నన్నడిగింది. నాకు మాత్రం ఏం తెలుసు? ఇద్దరం ఊరంతా తిరిగి తెలుగిళ్లు లెక్కపెట్టాం. స్టూడెంట్ ఫ్లాట్లు పక్కన పెట్టినా, ఆంటీ ఇంటితో కలిపి సరిగ్గా ముప్పై వచ్చాయి. ఎగిరి గంతేశాను. ఆ లిస్టు రామమోహన్ గారికి పంపాం.

ఆదివారం ఆంటీ ఇంట్లో మేమంతా భోజనాలకు కూర్చున్నప్పుడు రామమోహన్ గారి ఫోన్ వచ్చింది. ఆంటీ స్పీకర్ పెట్టింది.

"ఇరవై తొమ్మిదేనండీ. మీరేమో... ఒక్కరే కదా. కుటుంబమంటే భార్యాభర్తలని మన రూలు."

ఆంటీ ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది. ఆవిడకు కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు అర్థం కాలేదు.

"సారూ, ఆ అమెరికల ముందుగాల్నుంచి ఉన్నోళ్లు ఉంటరు గద. ఆళ్లను ఎట్ల లెక్కగట్టిన్రు?"

"ఆదివాసులనా? వాళ్లని లెక్కలోకి తీసుకోలేదండీ."

ఆంటీ ఫోన్ పెట్టేసి, చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. నిజంగానే అర్థంకాక అడిగింది:

"నాది ఇల్లు కాకపోతె, మీరందరు ఎవరింట్ల తింటున్నరు బిడ్డా?"