బుచ్చమ్మగారి బెండు చుట్ట

పొద్దున్నే లేచి ఖాళీ కొబ్బరిచిప్పని పెరట్లోకి తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లించి రావడం అచ్చాయమ్మకి మూడేళ్లపాటు తప్పని పని. చిప్పలో ఏమీ ఉండేది కాదు. అయినా బోర్లించాలి, రెండుసార్లు తట్టాలి. లేకపోతే అరుగు మీంచి అత్తగారు బుచ్చమ్మ కేకేసేది.

"బూడిద పేరుకుపోయిందే! పారబొయ్యడానికి కువైట్ నుంచి నీ మొగుడు దిగాలా?"

ఇప్పుడా పని లేదు. బుచ్చమ్మ పోయి రెండు నెలలైంది. మొగుడు కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో అచ్చాయమ్మ ఒక్కతే.

బుచ్చమ్మది అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చేది. అరవై ఏళ్లు అలా పీల్చాక, ఊపిరితిత్తుల్లో ఇక చోటు లేదు, మానెయ్యాలన్నారు అమలాపురం డాక్టరుగారు. చెప్పడం ఆయన వంతు, మాన్పించడం అచ్చాయమ్మ వంతు. మొదటి వారంలోనే ముసలమ్మ విసిరిన రెండు కంచాలు సొట్టలు పడ్డాయి. అప్పుడు అచ్చాయమ్మ జీలుగు బెండు తెచ్చి, చుట్టంత ముక్క చెక్కి, కాఫీ డికాషన్‌లో నానబెట్టి ఎండబెట్టింది. నిప్పులా ఉండాలని ఒక కొసకి కుంకం పూసింది.

బుచ్చమ్మ అలవాటు కొద్దీ ఆ ఎర్ర కొసనే నోట్లో పెట్టుకుంది. పెదాలన్నీ ఎర్రబడ్డాయి. పక్కింటి లోవమ్మ చూసి, ముసలమ్మ నెత్తురు కక్కుతోందని వీధంతా పోగుచేసింది.

"చావలేదర్రా, పొగ తాగుతున్నాను" అని, కోడలి వైపు తిరిగింది బుచ్చమ్మ. "మీ మావ పోయిన పాతికేళ్లకి నాకు కుంకం పెట్టేవు కదే. అదీ నాలిక్కి!"

అప్పట్నుంచీ బెండు చుట్టే. చప్పరించడం, లేని బూడిదని చిప్పలో రాల్చడం. ఆఖరి రోజున మాత్రం నిజం చుట్ట అడిగింది. "ఒక్క దమ్మే, ఇయ్యవే." అచ్చాయమ్మ మళ్ళీ బెండుదే ఇచ్చింది. ముసలమ్మ దాన్ని కొరికిపట్టి కళ్ళు మూసుకుంది. ఉన్నవి రెండు పళ్ళు, పడ్డవి రెండు గాట్లు. ఆ చుట్ట చిప్పలోనే ఉండిపోయింది. ఆ ఒక్క దమ్మూ ఇచ్చుంటే ఏం పోయేదన్న మాట అచ్చాయమ్మ ఎవరితోనూ అనలేదు.

మొన్న సాయంత్రం గ్రామ సచివాలయంలో పనిచేసే మమత వచ్చింది, చంకలో అట్టపెట్టెతో. పెట్టెలో మిఠాయి సిగరెట్లు, చాక్లెట్ నింపిన ప్లాస్టిక్ సూదులు, ఆటబొమ్మ హుక్కా. వెనకాలే లోవమ్మ.

"కొత్త చట్టం తెస్తారటండీ పిన్నిగారూ. మత్తుకి వాడే సామానులా కనపడే నకిలీవేవీ ఉండకూడదట. ఇంకా ప్రతిపాదనేనండి. ఈలోగా ఎవరికి వాళ్లు ఇచ్చేస్తే మంచిదని తిరుగుతున్నాం. మీ ఇంట్లో ఒకటుందని లోవమ్మగారు చెప్పేరు."

"నేనెక్కడ చెప్పేనమ్మా? నువ్వడిగేవు, ఆయ్ అన్నాను" అంది లోవమ్మ.

"మరి సందు చివర కొట్లో అసలు చుట్టలు అమ్ముతున్నారు కదమ్మా?" అంది అచ్చాయమ్మ.

"అవి అసలువి కదండీ. ఇది నకిలీలకేనండి."

"అంటే మా అత్తగారు పొగ తాగితే తప్పులేదు, మానేస్తే కేసా?"

మమత చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పింది.

"పోయినావిడ మీద కేసెందుకు పెడతారు వదినా? పెడితే బాధ పోలీసులకే" అంది లోవమ్మ.

"ఇవన్నీ ఏం చేస్తారు?"

"శనివారం స్కూలు దగ్గర మంట వేసి కాల్చేస్తామండి."

అచ్చాయమ్మ అరుగు మీదున్న చిప్పని దగ్గరికి లాక్కుంది.

"మూడేళ్లు అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో దాచేనమ్మా. ఆఖర్న ఆవిడ బతిమాలినా నిప్పు చూపించలేదు. ఇప్పుడు మీరు వెలిగిస్తారా? ఆ దమ్మెవరు లాగుతారు?"

"ఒక్కటే కదండీ..." అని మమత చెయ్యి చాపింది.

అచ్చాయమ్మ చుట్ట తీసి, ఎర్ర కొస లోపలికి పోయేలా, తన నోట్లో పెట్టుకుంది. కాఫీ చేదు తెలిసింది. రెండు గాట్లూ నాలిక్కి తగిలాయి.

"ఎంగిలిది. పట్టుకెళ్తావా?" అంది, చుట్ట తియ్యకుండానే.

"అమ్మబాబోయ్, అచ్చం అత్తగారే!" అని లోవమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మమత నవ్వు ఆపుకోలేక, ఆ ఇంటి నంబరు ఎదురుగా 'ఏమీ లేవు' అని రాసుకుని పెట్టె మూసింది.

వాళ్లు వెళ్లాక అచ్చాయమ్మ బుచ్చమ్మ కూర్చునే చోట కాళ్లు బారజాపుకు కూర్చుంది. చుట్టని చిప్ప అంచుకి రెండుసార్లు కొట్టి, రాల్చింది.

మర్నాడు పొద్దున్న వాకిలి ఊడ్చింది, ముగ్గేసింది, అరుగు తుడిచింది. చిప్ప ఎత్తి, దాని కింద కూడా తడిగుడ్డ పెట్టింది. ఒకసారి కొబ్బరిచెట్టు వైపు చూసింది. బూడిద ఉండనీలే అనుకుని, చిప్పని బోర్లించకుండా తీసిన చోటే పెట్టేసింది.