లింబాద్రి సార్ పంచిన చెరుకు

నిజామాబాద్ బస్టాండ్ బయట చెరుకు రసం బండి దగ్గర నిలబడి ఉన్నాను. బండి అతను ఒక గడను మోకాలికి ఆనించి విరిచాడు. తెల్లగా ఉండాల్సిన కండ లోపల ఇటుకపొడి రంగులో ఉంది. ఆ ఎరుపులో అక్కడక్కడ అడ్డంగా తెల్లటి మచ్చలు. పులిసిన కల్లు వాసన గుప్పుమంది. "ఖరాబ్ మాల్ అంటగట్టిండు బద్మాష్‌గాడు" అని ఎవరినో తిట్టుకుంటూ ఆ గడను పక్కనున్న మురికి కాలవలోకి విసిరేసి, ఇంకో గడ తీసి మిషన్‌లో పెట్టాడు. నాకిక తాగబుద్ధి కాలేదు. "వద్దులే అన్నా" అని పక్కకు వచ్చేశాను. ఆ వాసన తగిలితే నాకు లింబాద్రి సార్ గుర్తుకొస్తారు. ఒక మనిషిని గుర్తు చేసుకోవడానికి అది మంచి వాసన కాదు. కానీ నాకు మిగిలింది అదే.

ఆయన బోధన్‌లో మా జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబు నిండా సుద్దముక్కలు. బోధన్ పక్క పల్లెలో చెరుకు పండించే ఇల్లు వాళ్ళది. తల్లిదండ్రులు తొందరగా పోతే అక్క గంగామణి పెంచింది. ఊళ్ళో వాళ్ళ చెరుకు తోటల్లో కలుపు తీసి తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది. ఆ సంగతి ఆయన క్లాసులోనే చెప్పేవారు, ఏ మొహమాటం లేకుండా. "నా పుస్తకాలన్ని మా అక్క కొడవలితోని కొన్నయే" అనేవారు.

డీఎన్ఏ పాఠం చెప్పే రోజు ఆయన ఇంటి నుంచి జనపతాడు తెచ్చారు. రెండు పురులు పెనవేసిన తాడు. ఒక కొస నాకు, ఇంకో కొస మరో అమ్మాయికి ఇచ్చి పురి విప్పమన్నారు. విప్పుతుంటే రెండు పురులు వేరుపడ్డాయి. "ఇగో, జీవకణంల గిదే జరుగుతది. రెండు పోగులు ఒకదానికొకటి చుట్టుకొని మెట్లున్న నిచ్చెన లెక్క ఉంటయి. ఒక్కో మెట్టుకు రెండు అక్షరాలు. అడినిన్ ఎదురుంగ థైమినే కూసుంటది, గ్వానిన్ ఎదురుంగ సైటోసినే. వేరే దానికి ఆడ జాగ లేదు. కణం రెండు కావాల్నంటే ముందుగాల ఈ నిచ్చెన మధ్యలకెల్లి విప్పుకోవాలె. విప్పుకున్న ఒక్కో పాత పోగు తన ఎదురుంగ కొత్త పోగును కట్టించుకుంటది. ఒక నిచ్చెన పోయి రెండు నిచ్చెనలు. ఒక్కోదాంట్ల సగం పాతది, సగం కొత్తది."

మా అమ్మ బీడీలు చుట్టేది. కాలేజీకి వచ్చే ముందు నేను తునికాకు కత్తిరించి వచ్చేదాన్ని. సార్‌కు అది తెలుసు. "బిడ్డా, ఆకు ఏం పెట్టి కోస్తవు?" అని నన్ను అడిగారు.

"అచ్చుకు రేకు ముక్క పెట్టి సార్."

"రేకు పోయిందనుకో. కోసిన ఆకునే పెట్టి ఇంకో ఆకు కోస్తే? దాన్ని పెట్టి మల్లొకటి?"

"కొన్నిటికే ఒంకర పోతయి సార్. బీడీల సేట్ గంప తిప్పి మొకాన కొడతడు."

క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నేనేదో గొప్ప మాట చెప్పినట్టు బల్ల మీద చరిచారు. "సూసిన్రా! ఈడ రేకు లేదు. నకలుకు నకలు, దానికి మల్ల నకలు. మీ తాతల తాతల కాడికెల్లి గిట్లనే వస్తున్నది. అయినా ఒంకర పోదు. ఎందుకంటే కొత్త అక్షరం పెట్టంగనే ఎనక్కి తిరిగి సూసుకుంటది, తప్పుంటే పీకి మల్ల పెడతది. ఎప్పుడో ఒక్కటి తప్పించుకుంటది, అంతే. గింత పని మీ ఒంట్ల ఇప్పుడు జరుగుతనే ఉన్నది. మీరేమో ఆవలిస్తున్నరు."

చాలా ఏళ్ళ తరవాత నేను పేపర్ డెస్కులో పనికి చేరానని తెలిసి ఆఫీసుకు వచ్చి చూసిపోయారు. "మీ దగ్గర తప్పులు పీకేటోళ్ళు ఉన్నరా, లేక మా కణం కంటె అధ్వాన్నమా?" అని నవ్వారు. ఇప్పటికీ ఏదైనా వార్త పేజీలోకి పంపే ముందు ఒకసారి మొదటికొచ్చి చదువుతాను. అది ఆయన నేర్పినదే. ఆ ఒక్కటే నేర్పి ఊరుకుని ఉంటే బాగుండేది.

రిటైరయ్యాక ఆయన సొంత భూమిలో చెరుకు వేశారు. అప్పటికే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చుట్టుపక్కల రైతులు ఒక్కొక్కరే వరిలోకి దిగుతున్నారు. చెరుకు పోతే ఈ సీమ పేరే పోతుందని ఆయన బాధ. దూరపు ఫ్యాక్టరీకైనా పంపుదాం, దిగుబడి బాగుంటే ఎవరూ మానరు అనేవారు. ఒక కొత్త రకం తెచ్చి పెట్టారు. లావు గడ, తియ్యన, తోటంతా ఒకే ఎత్తు. చూడడానికి జనం వచ్చేవారు. చెరుకును గింజతో వేయరు. గడను ముచ్చెలుగా నరికి నాటితే కణుపు దగ్గర కన్ను మొలుస్తుంది. మా వైపు మంచి తోట ఉన్నవాళ్ళు విత్తనపు గడను ముందు ఆడబిడ్డ ఇంటికి, ఆ తరవాత చుట్టాలకు పంపుతారు. కట్టకు పసుపు రాసి, బొట్టు పెట్టి పంపుతారు. సార్ తన తోటంతా అలాగే పంచారు. మొదటి బండి చందూర్‌లో ఉన్న అక్కకు.

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. గంగామణమ్మ పొలం చిన్నది. ఆ ఇంటికి ఉన్నదంతా ఆ పొలమే. ఆమె భర్త సాయిలు గట్టు పొడుగునా సన్నటి, గట్టి పాత చెరుకు కొంత ఉంచుకున్నాడు. సార్‌కు అది నచ్చలేదు.

"ఏంది బావా, గీ పుల్లలు? పీకేయ్. ఈడ గూడ మంచి గడ పెడదాం."

"ఉండనీ తియ్. మా నాయినప్పటి సంది ఊకె ఉన్నయి. ఎడ్లన్న నములుతయి."

"ఎడ్లకు తియ్యటి గడ చేదైతదా?"

గంగామణమ్మ నవ్వింది. "సదువుకున్నోడు చెప్తే ఇనాలె. నువ్వు ఎడ్లతోని ఉండి ఎడ్డి మాటలు మాట్లాడుతవు" అని భర్తను దెప్పింది. ఆమే ముందు వంగి ఒక దుబ్బు పీకింది. సాయంత్రానికి గట్టు ఖాళీ అయింది. కొత్త కట్టలు దింపుతూ సార్, "అక్కా, ఇగ సూడు, మా తోటకు మీ తోటకు ఆకంత ఫరక్ ఉండదు" అన్నారు. నిజంగానే ఉండలేదు. ఆ ఏడు ఆయన బంధువుల పొలాలన్నీ ఒకేలా నిలబడ్డాయి. ఆయన నన్ను మోటార్‌సైకిల్ వెనక ఎక్కించుకుని ఊరూరూ చూపించారు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి పంటలో, వానలు తగ్గుతున్న రోజుల్లో ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి తోట మధ్యలో కూర్చుని ఉన్నారు. కొన్ని గడలకు పై నుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపెక్కి అంచులు ఎండుతున్నాయి. మిగతా తోట నిగనిగలాడుతోంది. ఒక గడను నిలువునా చీల్చి నా ముందు పెట్టారు. ఆ వాసన నేను మొదటిసారి చూసింది అప్పుడే. "ఎర్రకుళ్ళు" అన్నారు. ముచ్చెల్లోనే కూర్చుని వస్తుందనీ, పైకి కనిపించేసరికి ఆలస్యమవుతుందనీ చెప్పారు. తన తోట గురించి ఒక్క మాట లేదు. "అక్క తోట పీకియ్యాలె, ఇయ్యాల్నే" అన్నారు.

చందూర్‌లో గంగామణమ్మ తోట నిండు పచ్చగా ఉంది. సార్ లోపలికి వెళ్ళి, వెతికి వెతికి ఒక గడ తెచ్చి చీల్చారు. కణుపు దగ్గర గోరంత ఎరుపు.

"అక్కా, ఇది మొత్తం తీసి కాలబెట్టు. దుబ్బులతో సహా. నీళ్ళు పక్కోళ్ళ మళ్ళకు పోనియ్యకు. ఈ భూమిల వేరే పంట పెడదాం."

"తమ్మీ, పిచ్చి లేసిందా? గోరంత మచ్చకు పచ్చటి తోట పీకుమంటవా?"

"ఒక్క గడకు తగిలిందంటే ఇంకో గడ తట్టుకోదే. అన్ని ఒక్కటే గడ. ఒకదాంట్ల లేని బలం దేంట్ల ఉండదు, అన్ని దాని నకళ్ళే."

"ఇది మంచిదని బొట్టు పెట్టి పంపింది నువ్వే గదరా. ఇప్పుడు కాలబెట్టుమంటున్నది నువ్వే. నీ ఏ మాట ఇనాలె?"

సాయిలు ఒడ్డు మీద తలపాగా విప్పి మళ్ళీ కట్టుకుంటూ, "కోతకొచ్చేదాక సూద్దాం బామ్మర్ది. అన్నిటికి వస్తదా ఏంది" అన్నాడు. సార్ అక్క కాళ్ళు పట్టుకోబోయారు. ఆమె వెనక్కి జరిగింది. మిగతా చుట్టాల ఇళ్ళలోనూ ఇదే జవాబు. కొందరు చాయ్ ఇచ్చి వినకుండా పంపారు. కొందరు, పేపర్ అమ్మాయిని కూడా తెచ్చిండు అని నవ్వారు.

అన్నిటికీ వచ్చింది. కోత నాటికి ఆ పొలాల్లో గడలు నిలబడే ఎండిపోయాయి. లోపల డొల్ల. ఫ్యాక్టరీ లారీ రాలేదు. సాయిలు, గంగామణమ్మ ఆ భూమిని వరి వేసేవాళ్ళకు వదిలేసి నిజామాబాద్ వచ్చారు. ఆయన ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటాడు, ఆమె ఆ మెట్లు తుడుస్తుంది. ఆ చెరుకు పెట్టించిన తమ్ముడితో ఆమె మళ్ళీ మాట్లాడలేదు. ఆయన పండుగలకు చీర పట్టుకుని ఆ గేటు దాకా వచ్చి, సాయిలు చేతికిచ్చి వెళ్ళేవారు. అది విప్పకుండానే తిరిగి వచ్చేది.

చివరిసారి చూసినప్పుడు మంచం మీద ఉన్నారు. ధైర్యం చెబుదామని, "తెగులు లోపల దాగి ఉందని మీకేం తెలుసు సార్" అన్నాను.

"లోపల తెగులున్నదని తెల్వదు. అన్ని ఒక్కటే చెట్టని తెలుసు గదా బిడ్డా. బోర్డు మీద రాసిన గదా నేను." గోడ వైపు తిరిగారు. "తప్పు లేకుంట నకలు దీసుడే గొప్పని ఎన్నేండ్లు చెప్పిన! తప్పించుకున్న ఆ ఒక్క తప్పుతోనే ఇంకోటి వేరే తీరు పుడతదని, అందరు చచ్చిన కాడ అది బతుకుతదేమోనని, దాన్ని పరీక్షల రాదని ఇడిసిపెట్టిన."

"ఆ గట్టు మీది సన్న చెరుకుకైనా తెగులు వచ్చేదేమో సార్."

"వచ్చేదేమో. రాకపోవునేమో. సూసెతందుకు ఒక్క దుబ్బన్న ఉంచలే గదా నేను."

ఆయనకు దుప్పటి కప్పి వచ్చేశాను.

ఆయన పోయినప్పుడు గంగామణమ్మ వచ్చింది. శవానికి దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. నేను పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండానే అంది. "నా చేతుల పెరిగిండు. పీకితే ఆనాడే పోతుంటిమి, పీకకుంటే ఈనాడు పోతిమి. ఎటైనా పోవుడే ఉండె. అయినా మాట్లాడకపోతి."

మొన్న వార్త పని మీద వర్ణి దారిలో బస్సులో వెళ్తున్నాను. దారికి రెండు వైపులా వరి. చెరుకు ఎక్కడా కనిపించలేదు. పక్క సీట్లో ఉన్న పెద్దాయన కిటికీలోంచి చూస్తూ, "సూడమ్మా, చాప పరిచినట్టు ఎంత మంచిగున్నది. అందరు ఒక్కటే రకం పెట్టిన్రు ఈసారి" అన్నాడు. అవునని తల ఊపాను. ఎక్కడైనా ఒక గట్టు మీద వేరే ఎత్తులో, వేరే రంగులో ఒక్క దుబ్బు కనిపిస్తుందేమోనని బస్సు చందూర్ దాటేదాకా చూస్తూనే ఉన్నాను. పొలమంతా ఒకే తీరుగా, ఒకేసారి గాలికి వంగి లేస్తోంది.