గరుకు అంచు గిన్నె

ఆవిడను మ్యూజియంలో అందరూ దుమ్ము పిన్ని అంటారు. ఇరవై రెండేళ్ళుగా పింగాణీ గదిలో దుమ్ము దులపడం ఆవిడ పని. ఎంతమంది అధికారులు వచ్చారో, ఎంతమంది పోయారో. పిన్నీ, ఆవిడ మెత్తటి గుడ్డా మాత్రం అక్కడే ఉన్నారు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయితేనేం, చైనా భరిణెల సంగతి మాత్రం ఆవిడకు కొట్టిన పిండి. ముద్ర వేసే ఎర్ర ముద్ద దాచుకున్న భరిణె ఏదో, బుగ్గల రంగు దాచుకున్నది ఏదో, లోపలి మరక చూసి చెప్పేస్తుంది. కాకపోతే అడిగేవాళ్ళుండాలి కదా.

ఆ మంగళవారం పదిన్నరకు టీ తాగుతుంటే కప్పు అంచున పెచ్చు లేచినచోట పెదవి గీసుకుపోయింది. 'అబ్బా' అంటూ కప్పు దించబోయిన పిన్ని సగంలోనే ఆగిపోయింది. ముప్పై ఒకటో అరలో 'చిన్న గిన్నె, నీలి పూలు' అని చీటీ అంటించిన గిన్నె ఒకటుంది. ఒళ్ళంతా నున్నటి పూతతో మెరుస్తుంది, అంచు మాత్రం గరుకు. తాగేవాడి పెదవి కోసే గిన్నెను బుద్ధున్న కుమ్మరి ఎవడైనా చేస్తాడా? అంచుకు పూత ఎందుకు మానేస్తారు? మూత పెట్టి బట్టీలో కాల్చాలి కాబట్టి. పూత ఉంటే కరిగి రెండూ అతుక్కుపోతాయి. అంటే అది గిన్నె కాదు, భరిణెలో కింది సగం.

మరి పై సగం? జవాబు తట్టగానే పిన్ని కప్పు పక్కన పెట్టేసి లేచింది. నిన్న సాయంత్రం తన చేతులతోనే ఒక సాసరును కాగితంలో చుట్టి వేలానికి పోయే చెక్కపెట్టెలో పెట్టింది. దాని అంచూ గరుకే. వెనకటికి ఎవరో మహానుభావుడు మూతను వెల్లకిలా పెట్టి చూసి సాసరని రాసిపారేశాడు. వేలం బండి పదకొండింటికి వస్తుంది. కొత్తగా వచ్చిన అధికారి మేడమేమో మీటింగులో ఉంది. ఆమె సంతకం లేకుండా పెట్టె సీలు తెంపితే ఉద్యోగం ఊడుతుంది. తెంపకపోతే మూత ఊరు దాటిపోతుంది.

పిన్ని గిన్నెను గుడ్డలో చుట్టుకుని, వేలం పెట్టె ఉన్న కింది వసారాకు మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పులు ఆ పూటకు సెలవు తీసుకున్నాయి.

"పిన్నీ, ఆగు," అన్నాడు వాచ్‌మన్. "ఆ సీలు తెంపావంటే రేపట్నుంచి నువ్వు మీ ఇంట్లోనే దుమ్ము దులుపుకోవాలి."

"దులుపుకుంటాలే. ముందు ఆ కత్తెర ఇటివ్వు."

సీలు తెంపి, గడ్డి తీసి, కాగితం పొట్లాలు ఒక్కొక్కటే విప్పింది. నవ్వు ఆగడం లేదు. సాసరు దొరికేసరికి గేటు దగ్గర బండి హారన్ మోగింది. వెనకే మేడమ్ గొంతు వినిపించింది.

"ఎవరండీ ఇది తెరిచింది?"

"నేనే మేడమ్. తర్వాత తిట్టండి, ముందు ఇది పట్టుకోండి."

తలనిండా గడ్డిపరకలతో పిన్ని ముఖం వెలిగిపోతోంది. అది చూసే కాబోలు, మేడమ్ గిన్నె అందుకుంది. పిన్ని సాసరును బోర్లించి దానిమీద పెట్టింది. అది కటకటలాడింది. వాచ్‌మన్ కళ్ళు మూసుకున్నాడు.

"కుదరడం లేదు కదా పిన్నీ," అంది మేడమ్.

"మెల్లగా తిప్పండి మేడమ్. కలిసి కాలినవి కలిసే వంకరపోతాయి. కాలినచోటే కూర్చుంటాయి."

మేడమ్ తిప్పింది. కటకట. ఇంకొంచెం తిప్పింది. మళ్ళీ కటకట. ఇంకొక్క వేలెడు తిప్పగానే చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మూత కదల్లేదు. సందు దగ్గర బట్టీలో పడిన ఒక గోధుమరంగు మచ్చ సగం మూతకు, సగం గిన్నెకు ఉండి, ఇప్పుడు ఒక్కటే మచ్చ అయింది. మేడమ్ ఆ మచ్చను వేలితో తడిమింది.

మూత తీసి, గిన్నెను తిరగేసి చూసి, "అడుగున ఆరు వందల ఏళ్ళనాటి రాజు పేరుంది," అంది నమ్మలేనట్టు.

"పేరుదేముందండీ. తాత పేరు పెట్టినంత మాత్రాన మనవడు తాతవుతాడా? ఆ కాలపు నీలంలో నల్ల చుక్కలు గడ్డకట్టి ఉంటాయి. ఇది కడిగినట్టు తేటగా ఉంది. మూడు వందల ఏళ్ళది, అంతే."

మేడమ్ అక్కడే చెక్కపెట్టె మీద రిజిస్టరు తెరిచి 'సాసరు' కొట్టేసి 'మూత' అని రాసింది. వయసు గడిలో పిన్ని చెప్పిన అంకే వేసింది. ఆ తర్వాత తెగిన సీలు తీసి తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

"బండివాణ్ణి కాసేపు ఆగమను," అంది వాచ్‌మన్‌తో. "సీలు మళ్ళీ వేయాలి. మొదటిది సరిగ్గా అంటుకోలేదు."

సాయంత్రం ఇంటికి వచ్చిన పిన్నిని చూసి, కుట్టుమిషను ముందు కూర్చున్న భర్త కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏంటే ఆ సంబరం? ఆ తలలో గడ్డేంటి?"

"ఇవాళ ఒక పెళ్ళి చేసొచ్చాను."

"ఎవరిది? గంతకు తగ్గ బొంతేనా?"

"పెళ్ళి మూడు వందల ఏళ్ళ కిందే అయిందిలే," అంటూ పిన్ని ఆయన పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది. "పాపం, ఒకే గదిలో ఉండి ఇన్నేళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దర్నీ రోజూ తుడిచిన దాన్ని, నాకూ తెలియలేదయ్యా."