ఇడ్లీ రేకుల్లో బోల్టులు

నా చిన్నప్పుడు మా గరాజ్‌లో కారు పెట్టుకోవడానికి చోటు ఉండేది కాదు. అక్కడ ఒక మంచు బండి తిష్ట వేసుకుని ఉండేది. మంచు బండి అంటే పిల్లలు కొండవాలు మీద జారే చెక్క అనుకునేరు. కాదు. ఇద్దరు పట్టే ఇనుప గది, దాని కింద టైర్ల బదులు బుల్డోజర్‌కి ఉన్నట్టు రెండు పట్టాలు. మామూలు బండ్లు కూరుకుపోయే లోతైన మంచులో అది పాకుతూ పోతుందట. పోతుందని మా నాన్న నమ్మకం. నేను చూసినంతవరకు మాత్రం తుప్పు రాల్చడం తప్ప అది చేసిందేమీ లేదు. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మా పిన్ని కూతురి పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలుస్తూ, నీ చిన్నప్పుడు కరెంటు ఉండేదా అని అడిగే దశకి వచ్చాను కాబట్టి, ఈ సంగతి చెప్పే పెద్దరికం నాకు వచ్చేసిందనే అనుకుంటున్నాను. అది రెండువేల రెండో సంవత్సరం. నాకు పదకొండేళ్ళు. అమెరికాలో రెడ్‌మండ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గోడకి మేకు కొట్టాలన్నా అమ్మనే పిలిచేవాడు. అలాంటి మనిషి ఆ బండిని ఇంటికి తెచ్చాడంటే దానికి కారణం అక్క.

అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు. నాన్న స్నేహితుడి మేనకోడలు. మాస్టర్స్ అయిపోయి, ఉద్యోగం వెతుక్కుంటూ మా మేడమీద గదిలో ఉండేది. ఆ ఏడు ఉన్నవాళ్ళ ఉద్యోగాలే ఊడుతున్నాయి, కొత్తవాళ్ళని పలకరించే దిక్కు లేదు. ఒకవైపు వీసా గడువు తరుముకొస్తోంది. వారానికి రెండు మూడు ఫోన్ ఇంటర్వ్యూలు ఇచ్చేది, మళ్ళీ చెబుతామనేవాళ్ళు, ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఫోన్ పెట్టేశాక కాసేపు మెట్ల మీద కూర్చుని లేచి వెళ్ళి గిన్నెలు తోమేది. ఎవరూ తోమమనలేదు. కరీంనగర్ దగ్గర వాళ్ళ బాపుకి, అంటే నాన్నకి, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేదట. అక్క ఆ షెడ్డులోనే పెరిగింది.

ఏటా సెప్టెంబర్ చివర్లో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి కొండలు దాటి ఆపిల్ తోటలకి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు అక్క కూడా వచ్చింది. అందరూ చెట్ల కింద పులిహోర తింటుంటే తను తోట వెనక ముళ్ళపొదల్లోకి దూరి ఈ బండిని కనిపెట్టింది. నారింజరంగు వెలిసిపోయింది, అద్దాలు పగిలాయి, సీటు నిండా ఎలుకల గూళ్ళు. తోట ముసలాయన నలభై ఏళ్ళ కిందట చలికాలంలో దాని మీదే ఊరికి పోయి వచ్చేవాడట. ఇప్పుడు తుక్కువాడు వచ్చి పట్టుకుపోతానన్నాడని చెప్పాడు. అక్క మోచేతి దాకా చెయ్యి ఇంజన్‌లో పెట్టి తడుముతోంది.

"ఇది సచ్చిపోలే అంకుల్, పట్టేసింది గంతే. నూనె పోసి ఓపికగా తిప్పితే లేస్తది" అంది.

ఆమె మొహం అంత వెలగడం మేమెవరం అంతకుముందు చూడలేదు. నాన్న కూడా చూడలేదు కాబోలు, వెంటనే ముసలాయన దగ్గరికి వెళ్ళి తుక్కువాడికి ఇవ్వొద్దు, మేం తీసుకెళ్తాం అన్నాడు. అమ్మ తలపట్టుకుంది. తర్వాతి వారం ట్రెయిలర్ మీద ఆ శనిగ్రహం మా ఇంటికి చేరింది.

అక్టోబర్ అంతా దానితోనే సరిపోయింది. సిలిండర్లలో నూనె పోసి, రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొడుగాటి పానాతో తిప్పడానికి చూసేవాళ్ళు. కదిలేది కాదు. పదమూడో రోజున వేలెడంత కదిలింది. ఆ మాత్రానికే నాన్నా అక్కా చిన్నపిల్లల్లా గంతులేశారు. నేను మాత్రం గుమ్మంలో ఈత బ్యాగ్ పట్టుకుని నిలబడ్డాను. ప్రతి శనివారం నాన్న నన్ను ఈతకి తీసుకెళ్ళేవాడు. బండి వచ్చాక ఒక్క శనివారం తీసుకెళ్ళింది లేదు. "వచ్చే వారం పక్కా బుజ్జీ" అనేవాడు, గ్రీజు చేతులతో.

అక్కకి ఒక పద్ధతి ఉండేది. విప్పిన ప్రతి భాగం బోల్టులూ నట్లూ విడివిడిగా పెట్టాలి. దానికోసం అమ్మని అడిగి, మూలన పడేసిన పాత ఇడ్లీ రేకులు తీసుకుంది. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు. గుంట అడుగున చీటీ. "ఎడమ పట్టా, ముందు చక్రం." "నీళ్ళ పంపు మూత, పొట్టివి పైన." రేకులు చాలక బేకింగ్ ట్రేలు కూడా వచ్చాయి. నవంబర్ వచ్చేసరికి గోడ పొడుగునా అవే. ఒక్కోసారి ఇంటర్వ్యూ అయ్యాక అక్క తిన్నగా వెళ్ళి ఆ రేకుల ముందు గొంతుక్కూర్చునేది. అక్కడ ఏది ఎక్కడుందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ ఊళ్ళో ఆమెని ఎవరైనా పనిమంతురాలిగా చూసింది ఆ గరాజ్‌లోనే.

కార్తీకమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నలభై మంది వస్తారు. బయట ఒకటే వాన, కాబట్టి భోజనాలు గరాజ్‌లో, బండి పక్కన మిగిలిన చోట. చెప్పులు విప్పేదీ అక్కడే. పొద్దున్నే అమ్మ పిండివంటల హడావుడిలో ఉండి, ఆ సామాను జాగ్రత్తగా ఒక పక్కకి జరిపి గరాజ్ ఊడ్చమంది నాతో. జాగ్రత్తగా అని చెప్పింది. చెప్పలేదని అనను.

ఆ రోజూ శనివారమే. నేను వెళ్ళి చూశాను. నా స్నేహితురాళ్ళు వస్తారు, మా ఇంట్లో ఇడ్లీ రేకుల్లో గ్రీజు బోల్టులు ఉండటం చూస్తారు, స్కూల్లో నవ్వుతారు. అదొక బాధ. అంతకన్నా పెద్దది కోపం. రంగు డబ్బా ఒకటి ఖాళీగా కనపడింది. మొదటి రేకు ఎత్తి అందులో బోర్లించాను. ఆ చప్పుడు నాకు హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా హాయిగా అనిపించింది. తర్వాత అన్నీ బోర్లించాను. చీటీలు చెత్తలో వేసి, రేకులు సబ్బుతో తోమి తళతళలాడేలా ఆరబెట్టాను. అమ్మ చూసి గరాజ్ ఎంత బాగుందో అని మెచ్చుకుంది కూడా. వ్రతం హడావుడిలో ఆ రోజు నాన్నా అక్కా అటు పట్టించుకోలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున నాన్న గరాజ్‌లోకి వెళ్ళాడు. తర్వాత ఆ రంగు డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నేనూ అక్కా టిఫిన్ తింటున్నాం.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నేను దోసె ముక్క చట్నీలో అద్దుతూనే ఉన్నాను. అక్క నా వైపు చూసింది. ఒక్క చూపే.

"నేనే అంకుల్. భోజనాలకి జాగా కావాలని... ఒక్కదాంట్లో ఏసిన. ఆలోచించలే" అంది.

అమ్మ కూడా, నేను ఊడ్చేముందే అక్క అవి తీసేసిందని నమ్మేసింది. అన్ని రోజులు చీటీలు రాసి పెట్టిన మనిషి ఇలా ఎందుకు చేస్తుందని నాన్నకి తట్టి ఉండాలి. తట్టలేదో, తట్టినా అడగలేకపోయాడో. సొంత బిడ్డని తిట్టినట్టు పరాయి పిల్లని తిట్టలేడు కదా. "పర్లేదమ్మా" అన్నాడు. డబ్బా బల్ల మీద పెట్టి, "నువ్వు ఇక జాబ్ సెర్చ్ మీద ఫోకస్ చెయ్యి. బండి సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదతోనే ఆమెకి గరాజ్ తలుపు మూసుకుపోయింది.

ఆ రోజు మధ్యాహ్నమే నేను మేడమీదికి వెళ్ళి అక్క మీద విరుచుకుపడ్డాను. అవును, నేనే. నీకెవరు చెప్పమన్నారు, నేను అడిగానా అని అరిచాను. చేసిన తప్పు చాలక ఆ పొగరొకటి. అక్క బట్టలు మడతపెడుతూనే ఉంది.

"నీ మొకం తెల్లగైంది. అది చూసి నోట్లకెళ్ళి వచ్చేసింది. నీకు జర టైమ్ దొరుకుతది గదా అనుకున్న. నువ్వే చెప్తవ్, నాకు తెల్సు" అంది.

చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాను, నాన్న చిరాగ్గా ఉన్నాడు. మంగళవారం చెబుదామనుకున్నాను, నాన్న నవ్వుతూ ఉన్నాడు, ఆ నవ్వు చెడగొట్టడం దేనికనిపించింది. ఇలా నాకు ఏ రోజూ మంచి రోజు దొరకలేదు.

ఈలోపు నాన్న ఒక్కడే డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిన బోల్టు దొరికినచోట పెట్టి చూసేవాడు. ఒకటి పట్టేది కాదు, ఇంకొకటి పట్టినట్టే పట్టి మధ్యలో ఆగిపోయేది. ఒక శనివారం నీళ్ళ పంపు దగ్గర పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి బలంగా బిగించాడు. అది లోపల అడుగుకి తగిలింది, ఇంకా బిగించాడు, ఫట్‌మని ఇనుము పగిలింది. నాన్న నోట ఎప్పుడూ వినని మాటలు ఆ రోజు విన్నాను. పానా తీసి గోడకేసి కొట్టాడు. వంటింట్లో కూరలు తరుగుతున్న అక్క ఆ ఫట్‌మన్న చప్పుడుకే కత్తి ఆపేసింది. ఏం పగిలిందో ఆమెకి తెలుసు. లేవబోయింది. మళ్ళీ కూర్చుని బెండకాయలు తరిగింది. వెళ్ళి చెప్పొచ్చుగా అని ఆమె మీదే కోపం వచ్చింది నాకు. నా మీద నాకు రావాల్సిన కోపం ఎన్ని దారులు వెతుక్కుందో!

పగిలిన ఆ పంపు భాగం కొత్తది ఎక్కడా దొరకలేదు. నాన్న పాత బండ్లవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, ఒకాయన పంపిస్తానని వేరేది పంపాడు. ఇల్లంతా విసుగు. అమ్మ నాన్న మీద విసుక్కునేది, నాన్న బండి మీద, నేను అందరి మీద.

డిసెంబర్‌లో అక్కకి ఉద్యోగం వచ్చింది. నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్ళో. వెంటనే చేరాలి, బుధవారం ఫ్లైట్. సోమవారం రాత్రి భోజనంలో అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాన్న నిజంగా సంతోషించాడు, అది చెప్పాలి. కొత్త ఆఫీస్‌లో ఎలా ఉండాలో ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చివర్న నవ్వుతూ, "ఒక్కటమ్మా, అక్కడ మాత్రం తెలియని వస్తువు ముట్టుకునేముందు ఒకసారి అడుగు. అందరూ మనలా ఊరుకోరు" అన్నాడు.

అక్క పాయసం గిన్నెలోకి చూస్తూ, "సరే అంకుల్" అంది.

తెలియని వస్తువు! ఆ బండిలో ప్రతి బోల్టూ తెలిసిన మనిషితో! నాన్న మంచిమాటగా చెబుతున్నాడు, ఈమె తలవంచుకుని వింటోంది, నేను పాయసం తింటున్నాను. గిన్నె పక్కకి తోశాను.

"నేనే చేశాను నాన్నా. అక్క కాదు. కావాలనే చేశాను" అన్నాను. అని ఏడ్చేశాను.

నాన్న నన్ను తిడతాడని చూశాను. నా వైపు తిరగనైనా తిరగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు. "సారీ అమ్మా. చాలా సారీ" అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అక్క "అయ్యో, ఏం గాదు అంకుల్, ఊకోండి" అంటూనే తనూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నాన్న, ఒకసారి వచ్చి చూస్తావా అని అడిగాడు. ఆమె పాయసం అక్కడే వదిలేసి లేచింది.

ఆ రాత్రి కొంతసేపు, మంగళవారం నేను స్కూల్ నుంచి వచ్చాక కొంతసేపు, ముగ్గురం గరాజ్‌లో పాత దుప్పటి పరిచి బోల్టులు వేరుచేశాం. అక్క ఒక్కోటి నా చేతికిచ్చి చూడమనేది. దీని మెడకి నారింజరంగు అంటుకుంది, అంటే బయట కనిపించే చోటుది. దీని నిండా నల్ల గ్రీజు, అంటే చక్రం దగ్గరిది. ఇది సగం మెరుస్తోంది, సగం తుప్పు, అంటే సగమే లోపల దిగింది. నా మీద కోపం లేదా అని అడిగాను. "వచ్చింది. మస్తు వచ్చింది. నేను దేవతను కాదు" అంది, ఇంకో బోల్టు అందిస్తూ. సగం కూడా పూర్తి కాలేదు. బుధవారం పొద్దున సూట్‌కేస్ కారులో పెట్టాక కూడా మళ్ళీ గరాజ్‌లోకి వెళ్ళి ఏదో చూసి వచ్చింది.

మిగతావి నేనూ నాన్నా రెండు నెలలు కూర్చుని వేరుచేశాం. పంపు దగ్గర పగిలిన చోటుని వెల్డింగ్ చేయించాం. ఫిబ్రవరిలో ఇంజన్ లేచింది. నాన్న అక్కకి ఫోన్ చేసి, ఫోన్‌ని ఇంజన్ దగ్గర పట్టుకున్నాడు. అక్క కాసేపు విని, "అంకుల్, ఒక ప్లగ్గు కొట్టుకుంటలేదు" అంది. నిజంగానే ఒక ప్లగ్గులో నిప్పురవ్వ రావడం లేదు. మార్చిలో కొండ మీదికి తీసుకెళ్ళాం. ఇద్దరు పట్టే బండిలో నాన్న పక్కన నేను కూర్చున్నాను. పావుగంట నడిచి, ఎడమ పట్టా ఊడిపోయి ఆగింది. ఆ పావుగంటా నాకు ఏ సంతోషమూ కలగలేదు. అక్క దాన్ని ఒక్కసారైనా నడపలేదు. తర్వాత రెండేళ్ళకి మేం ఇల్లు మారాం, బండి ఎవరికో ఇచ్చేశాం.

ఇప్పుడు ఇంట్లో గానీ ఆఫీస్‌లో గానీ ఏదైనా పాడైతే, ఎవరు చేశారని అడిగేలోపే నేనే అనేస్తాను. నా తోటివాళ్ళు అదేదో నా నిజాయితీ అనుకుంటారు. నిజాయితీ కాదు, భయం. నేను ఆలస్యం చేస్తే ఆ సమయం ఇంకెవరి బతుకులోంచో పోతుందని భయం. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ నావి కావు, అక్కవి.