సంచిలో ఆరు ఫోన్లు

దెయ్యాలూ శకునాలూ నేనెప్పుడూ నమ్మలేదు. నందిగామలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఎవరైనా అలాంటి కబురు మొదలుపెడితే, ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

జగ్గయ్యపేటలో నేనూ మా పెద్దమ్మ శాంతమ్మా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బడిలో ఆయాగా చేసి రిటైరైంది. డెబ్భై దాటినా గట్టి మనిషి.

మా చర్చి ఆవరణలో పొద్దున్నే నడిచే ఆరుగురు పెద్దవాళ్ళుండేవారు, పెద్దమ్మతో కలిపి. అడుగులు లెక్కపెట్టే యాప్ వాళ్ళ ఫోన్లలో వేసిచ్చింది నేనే. ఎవరు ఎన్ని అడుగులు వేసిందీ నా ఫోన్‌లోనూ కనిపించేది. నాలుగు వేలు దాటకపోతే సాయంత్రం ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టేదాన్ని. బడిలో సరిపోలేదన్నట్టు అక్కడా టీచరమ్మనే.

నా పోరు పడలేక వాళ్ళొక ఉపాయం కనిపెట్టారు. మోకాళ్ళ నొప్పులున్న ఐదుగురూ చర్చి మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ ఫోన్లనూ తన ఫోన్‌నూ కూరగాయల సంచిలో వేసుకుని పెద్దమ్మ ఒక్కతే ఆవరణ చుట్టూ తిరిగేది. ఆరుగురి లెక్కా నిండేది.

ఈ దొంగ లెక్క ఒక సోమవారం బయటపడింది. ఆ రోజు ఐదుగురికీ నాలుగు వేల పైచిలుకు, ఇంచుమించు ఒకటే అంకె. పెద్దమ్మకు సున్నా. నిలదీస్తే సంచి సంగతి చెప్పింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచించాను. సంచి మోసిన మనిషికే సున్నా ఏమిటి?

ఫోన్ పాడైందనుకుని మర్నాడు దాన్ని నేను పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. సరిగ్గానే లెక్కపెట్టింది. బుధవారం పెద్దమ్మ పక్కనే నడిచి చూశాను. ఐదు ఫోన్లలో అంకెలు పెరుగుతున్నాయి, ఆమె ఫోన్‌లో కదలిక లేదు. సంచి నేను అందుకుని ఒక చుట్టు తిరిగితే ఆరూ పెరిగాయి. మళ్ళీ ఆమె చేతికిచ్చాను. ఆమెది ఒక్కటే ఆగిపోయింది.

"ఏందే, నేను నడవట్లేదంటదా అది?" అని పెద్దమ్మ పకపకా నవ్వింది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వలేదు.

సెలవు పెట్టి ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ బాగున్నాయన్నారు. ఆ సున్నా గురించి నసుగుతూ డాక్టరుగారికి చెప్పాను. ఆయన, "ఫోన్ మార్చండమ్మా. ఆవిణ్ణి మాత్రం బాగా నడిపించండి" అన్నారు.

మార్చాను. కొత్త ఫోన్‌లోనూ ఆమె నడిస్తే సున్నానే.

నాకు తిండి సయించలేదు. ఎవరికి చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి? పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. భయం తగ్గలేదు. ఏదో రాబోతోందని అనిపించేది, దాన్ని ఎటునుంచి ఆపాలో తెలిసేది కాదు. చివరికి నా చేతిలో ఉన్నదొక్కటే చేశాను. పెద్దమ్మను నడవొద్దన్నాను. గుమ్మం దాటనివ్వలేదు.

"కాళ్ళు లాగేస్తున్నాయే అమ్మాయ్. ఒక్క చుట్టు తిరిగొస్తా" అని రోజూ బతిమాలేది.

"వద్దు పెద్దమ్మా. నా మాట విను, కూర్చో" అనేదాన్ని.

ఎవరి మాటా వినని మనిషి, నా మాట వింది.

తొమ్మిదో రోజు సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి వరండాలో కుర్చీలోనే పోయి ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి. గుండె ఆగిపోయిందన్నారు.

ఫోన్లు బాగుచేసేవాళ్ళను అడిగాను. మా బడిలో సైన్సు మాస్టారిని అడిగాను. ఒకే సంచిలో ఐదు కదిలి ఒకటి ఎందుకు కదల్లేదో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆ సున్నా జరగబోయేది ముందే చెప్పిందో, దాన్ని చూసి బెదిరిపోయి నేనే జరిగేలా చేశానో తెలియదు. డాక్టరుగారు నడిపించమన్నారు. ఆమె నడుస్తానంది. కూర్చోబెట్టింది నేను.