కరెంటు పోయినా ఆగని గిటారు

రేడియో కేంద్రంలో సౌండ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, ఒక ఫిబ్రవరిలో, మా స్టేషన్ డైరెక్టర్ నాకు సూర్యాపేట డ్యూటీ వేశారు. చుట్టుపక్కల కాలేజీల సంగీత పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్ళాలి. లలిత సంగీతమో జానపదమో అయ్యుంటుందని సంతోషంగా సంతకం పెట్టాను. నా వాటాకు వచ్చింది హెవీ మెటల్ అని బస్సు దిగాక తెలిసింది.

తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. ఈ సంగీతంలో ఎలక్ట్రిక్ గిటారు శబ్దాన్ని ఆంప్లిఫయర్ మోయగలిగినదాని కంటే పెంచి, గరగర వచ్చేదాకా తరుముతారు. దాని మీద డ్రమ్ములు, ఆ పైన గొంతు చించుకునే పాట. ఆ గరగరను మా రేడియోలో డిస్టార్షన్ అంటాం. ప్రసారంలో ఒక్క క్షణం వినిపించినా పైనుంచి మెమో వచ్చేది. అది రాకుండా కాపలా కాసినందుకే నాకు జన్మంతా జీతమిచ్చారు. ఈ పిల్లలేమో అది రావడానికి కాలితో నొక్కే పెడల్ ప్రత్యేకంగా కొంటారు! అయినా గరగరలోనూ మంచిదీ చెడ్డదీ ఉంటాయి. చెవి ఉన్నవాడికి తెలుస్తుంది.

చెవి సంగతి సరే, ముందు శాలువా. తీర్పు చెప్పకముందే సన్మానం చేసేయడం ఇక్కడి ఆనవాయితీ. తీర్పు తేడా వచ్చినా శాలువా వెనక్కి అడగలేరు కదా అని నేనూ కప్పించుకున్నాను. నాతోపాటు మరో ఇద్దరు కప్పించుకున్నారు. శారదమ్మ గారు కర్ణాటక సంగీతం నేర్పే లెక్చరర్. నర్సిరెడ్డి గారిది మిర్యాలగూడలో రైస్ మిల్లు. పోటీల ఖర్చంతా ఆయనదే కనుక ఆయన కూడా న్యాయనిర్ణేతే. టేబుల్ మీది చాయ్ కప్పు వణికితేనే మ్యూజిక్ అని ఆయన సిద్ధాంతం.

పద్ధతి ఇదీ. ప్రతి బ్యాండ్ తాము జనం ముందు ఇచ్చిన ఒక కచేరీ వీడియో పంపాలి. వీడియోలోని శబ్దం ఆ స్టేజీ మీద రికార్డయినదే అయ్యుండాలి, స్టూడియోలో చేసింది అతికించకూడదు. ధ్వనికి కొన్ని మార్కులు, ప్రదర్శనకు కొన్ని. మొదటి రెండు బ్యాండ్‌లు మా ముందు వాయించాలి, గెలిచినవారు హైదరాబాద్‌లో జరిగే పెద్ద పోటీకి వెళ్ళాలి.

వీడియోలు చూస్తుంటే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకదానిలో పాటంతా గాయకుడి జుట్టు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకోదానిలో పొగ మిషన్ ఎంత శ్రద్ధగా పనిచేసిందంటే, డ్రమ్ములవాడు దగ్గడం కూడా తాళంలో కలిసిపోయింది. శారదమ్మ గారు ప్రతి పాటకూ రాగం వెతికి, దొరక్క, "ఈ అబ్బాయికి మిరియాల పాలు ఇవ్వండి" అని మార్కుల షీటు మీద రాశారు.

అప్పుడొచ్చింది నాపరాళ్ళు వీడియో. కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ బ్యాండ్ అది. పాడే అమ్మాయి స్వాతిది పాలకీడు దగ్గర తండా. ఫోన్‌తో తీశారు, బొమ్మ వంకరగా ఉంది. కానీ స్వాతి మైకు నుంచి ముఖం తిప్పినప్పుడల్లా గొంతు తగ్గుతోంది, దగ్గరికొస్తే పెరుగుతోంది. అంటే నిజంగా అక్కడ పాడిందన్నమాట. ఆ గర్జన గొంతులోంచి కాదు, పొట్టలోంచి లేస్తోంది. రెండు గంటలు పాడినా ఆ గొంతు చెడదు. నాకు భలే నచ్చింది.

పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె మాతో సూటిగానే చెప్పింది. "సార్, హైదరాబాద్ పోతేనే మా ప్రాక్టీసు రూము మాకుంటదంట. లేకపోతే డ్రమ్ములు స్టోరులో పడేసి గాడ జిరాక్స్ మిషన్ పెడ్తరంట. మా ప్రిన్సిపాల్ సార్ తాళం గూడ కొనుక్కొచ్చిండు."

తర్వాతిది మిర్యాలగూడ బ్యాండ్, పేరు యమపాశం. ముందు నిలబడ్డ గిటారిస్టు నర్సిరెడ్డి గారి మేనల్లుడు. వీడియో సినిమాలా ఉంది. పాట మధ్యలో కరెంటు పోయి స్టేజీ చీకటైంది. గిటారు మాత్రం ఆగలేదు! కాసేపటికి లైట్లు వచ్చాయి, కుర్రాడు అదే ఊపులో ఉన్నాడు.

శారదమ్మ గారు చప్పట్లు కొట్టారు. "కరెంటు పోయినా ఆపలేదు చూశారా! అంకితభావం అంటే ఇదండీ."

నాకు ఒళ్ళు మండింది. అది ఎలక్ట్రిక్ గిటారు తల్లీ, తంబురా కాదు. శబ్దం స్టూడియోలో చేసి అతికించారని చెప్పాను. పోటీల కన్వీనరు సూర్యాపేట లెక్చరరు, స్పాన్సరు ముఖం చూసి మాట్లాడే రకం. "స్టేజీకి జనరేటర్ గిట్ట ఉండొచ్చు కద సార్" అన్నాడు. మరి లైట్లకు లేదా అన్నాను. "లైట్లది వేరే కనెక్షన్ ఉండొచ్చు సార్." ఇక వాదన అనవసరం. అంకితభావానికి అదనపు మార్కులు పడి యమపాశం మొదటి స్థానంలో, నాపరాళ్ళు రెండో స్థానంలో నిలిచాయి.

నేను అప్పుడు నా ఉద్యోగ భాషలోకి దిగాను. ఫైనల్లో సాంకేతిక పరిశీలన జరగాలన్నాను. గిటార్ల శబ్దం వాటి వెనక ఉండే ఆంప్లిఫయర్ డబ్బాల్లో పుడుతుంది. ఆ డబ్బాల ముందు పెట్టిన మైకులు దాన్ని పెద్ద స్పీకర్లకు పంపుతాయి. పాట మధ్యలో డబ్బాల కరెంటు ఒక్కటే తీయిస్తాను, మైకులకూ పెద్ద స్పీకర్లకూ ఉంచుతాను, బ్యాండ్‌లకు ముందుగా చెప్పవద్దు అన్నాను.

నర్సిరెడ్డి గారు మీసం దువ్వారు. "పెట్టుండ్రి సార్ పరీక్ష. మావోడు ఆగడు." ఆయన మాట మీద నిలబడ్డారు, పరీక్ష సంగతి చెప్పలేదు. మేనల్లుడి భుజం తట్టి, "ఏమన్న గానీ, ఆపకు బిడ్డా" అని మాత్రం అన్నారట.

ఫైనల్లో ముందు నాపరాళ్ళు స్టేజీ ఎక్కారు. పాట ఊపందుకున్నాక నేను చెయ్యెత్తాను, సౌండ్ ఆపరేటరు స్విచ్ తీశాడు. రెండు గిటార్లూ చచ్చాయి. డ్రమ్ములు నాలుగు దెబ్బలు కొట్టి ఊరుకున్నాయి. స్వాతి గర్జన మధ్యలో ఆపి, వెనక్కి తిరిగి చూసి మైకులో అంది. "అన్నా, డబ్బాలకు కరెంటు వస్తలేదు. జర సూడు. వచ్చినంక మొదటికెల్లి పాడ్తం."

హాలంతా ఈలలు. "ఆడలేక మద్దెల ఓడన్నదంట" అని కన్వీనరు నవ్వి, 'మధ్యలో ఆపేశారు' అని రాసుకున్నాడు. కరెంటు ఇప్పించాను. మొదటి నుంచి పాడారు, బాగా పాడారు. కానీ ఆమె కళ్ళు మాత్రం కన్వీనరు పెన్ను మీదే ఉన్నాయి. గది పోయిందనే అనుకుంది పాపం.

తర్వాత యమపాశం. నేను చెయ్యెత్తాను. డబ్బాల మీద ఎర్ర దీపాలు ఆరిపోయాయి. పెద్ద స్పీకర్లలో గిటారు హాయిగా మోగుతూనే ఉంది! మేనల్లుడు మామ మాట జవదాటలేదు. మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళు మూసుకుని, తీగలు తెగేలా వాయించాడు. జనం లేచి అరిచారు. శారదమ్మ గారు శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా నిలబడి చప్పట్లు కొట్టారు.

నర్సిరెడ్డి గారు కొట్టలేదు. చాయ్ కప్పు కింద పెట్టి నా వైపు వంగారు.

"సార్, కరెంటు తీసింది గా డబ్బాలకే కద?"

"అవునండీ."

"గిటారు మోగేది గా డబ్బాలకెల్లే కద?"

"అవునండీ."

ఆయన ఆరిపోయిన ఎర్ర దీపాల వైపు వేలు చూపించారు. "మిల్లు బందయింది," అన్నారు మెల్లగా. "బియ్యం మాత్రం పడుతనే ఉన్నయ్." తర్వాత లేచి కన్వీనరు దగ్గరికి వెళ్ళారు. "గా ఆడపిల్లను పంపుండ్రి హైదరాబాద్‌కు. మావోడు ఎవని బియ్యం తెచ్చి పోస్తున్నడో నేను ఇంటికాడ అడుగుత."

డ్రమ్ముల వెనక ల్యాప్‌టాప్ దొరికింది. పాటంతా అందులోంచే వస్తోంది. కన్వీనరు అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. యమపాశానికి 'విశేష సంకల్ప పురస్కారం' అని అప్పటికప్పుడు ఒకటి పుట్టించి శాలువా కప్పాడు. కుర్రాడు అది కప్పుకుని మామ కంటపడకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

నాపరాళ్ళు హైదరాబాద్‌లో గెలవలేదు. గది మాత్రం వాళ్ళకే మిగిలింది. జిరాక్స్ మిషన్ను ప్రిన్సిపాల్ తన సొంత గదిలో పెట్టించుకున్నారని, దాని రొద తమ పాట కంటే ఘోరమని ఆయనే గొణుగుతున్నారని స్వాతి ఫోన్‌లో చెప్పింది.

కచేరీ వీడియోలు చూసి తీర్పు చెప్పవలసి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. ఎంత బాగా మోగిందని తర్వాత చూడవచ్చు. కరెంటు పోయినప్పుడు ఆగిందా లేదా అని ముందు చూడాలి. ఆ రోజు ఆగినవాళ్ళకే నేను మార్కులు వేశాను.