మూడు గుంజుళ్లు

మా వదిన గాలిని కూడా పొదుపుగా వాడుతుంది. ఈ మాట నాది కాదు, మా అమ్మది. కోడలు నీళ్ల కింద అంతసేపు ఉండి వచ్చినా సిలిండర్‌లో సగం గాలి మిగిలిందని తెలిసిన రోజు, ఆమె గల్లీ అంతా తిరిగి చెప్పుకుంది. "నా బిడ్డ పోతె డబ్బా ఖాళీ చేసుకోని వస్తది. కోడల్ని జూడుండ్రి, గాలి గూడ మిగిలిచ్చుకొస్తది." ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అసలు డైవింగ్ అనే మాటను మా ఇంటికి తెచ్చిందే నేను. సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర చీరల మార్కెట్‌లో కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తాను. మా నాన్న ఊరి నుంచి ఇక్కడికి వలస వచ్చి, పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అన్న ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. మా వాళ్లలో నీళ్ల అడుగుకు వెళ్లిన మనిషి లేడు. కడోదరా దాటాక పాత రాతి క్వారీలో ఒక గుజరాతీ సర్ డైవింగ్ నేర్పుతున్నాడని విని, నేను పోయి చేరాను. మా గల్లీలో ఆడపిల్ల రబ్బరు సూటు వేసుకోవడం అదే మొదలు. ఆ గొప్ప నాదే, ఎవరికీ పంచేది కాదు అనుకున్నాను.

డైవింగ్ అనగానే అందరూ నీలం నీళ్లు, రంగురంగుల చేపలు అనుకుంటారు. మా క్వారీ నీళ్లు పాలు తక్కువైన చాయ్ రంగులో ఉంటాయి. చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. సూరత్‌లో చలేముందని నవ్వేవాళ్లు జనవరి పొద్దున ఒకసారి అందులోకి దిగాలి. పైన ఫర్వాలేదు, కిందికి పోయేకొద్దీ చలి సూటు లోపలికి చేరి వెన్నులో కూర్చుంటుంది. ఏమీ కనబడదు కాబట్టి దిగేవాళ్ల నడుముకు తాడు కడతారు. ఆ తాడు రెండో కొస గట్టు మీద ఇంకొకరి చేతిలో ఉంటుంది. మాటలన్నీ తాడుతోనే. ఒకసారి గుంజితే "బాగున్నావా?" అని, తిరిగి ఒకసారి గుంజితే "బాగున్నా" అని. రెండుసార్లు గుంజితే ఇంకొంచెం తాడు వదలమని. మూడుసార్లు గుంజితే పైకి లాగమని.

తాడు పట్టుకోవడానికి తోడు కావాల్సి వచ్చింది. "జర వచ్చి తాడు పట్టుకో వదినె, ఊకె కూసునుడే పని" అని నేనే బతిమాలి తీసుకుపోయాను. మా ఇంట్లో గోడ మీది బల్లి కూడా వినేంత మెల్లగా మాట్లాడే మనిషి ఆమె. రెండు ఆదివారాలు తాడు పట్టింది. మూడో ఆదివారం సర్, "బెన్, ఆప్ భీ ఉతరో" అన్నాడు, మీరూ దిగండమ్మా అని. ఆమె పుస్తెలతాడును పిన్నీసుతో లోపలికి గుచ్చుకుని, నా సూటే వేసుకుని దిగింది. చిన్నప్పుడు ఊళ్లో మోటబావిలో దూకి ఈత నేర్చిందట. ఆ సంగతి ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

పైకి వచ్చాక, "భయం గాలేదా?" అని అడిగాను.

"కండ్లు దెరిస్తె భయమైతది. మూసుకుంటె ఏముంది?" అంది.

నేను కళ్లు పెద్దవి చేసుకుని, ఆ మురికిలోకి చూసి చూసి, గుండె దడతో గాలంతా తాగేసేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, చేతులతో తడుముకుంటూ, ఇంట్లో కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికినంత తీరుబడిగా తిరిగేది. సర్ ప్రతి వారం ఆమెనే చూపించి నాకు చెప్పేవాడు, "ధీమే బెన్, ఇన్ కీ తరహ్," మెల్లగా, ఈమెలాగ అని. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. రాత్రి ఆమె వడ్డించిన పప్పులో ఉప్పు సరిగ్గా ఉన్నా లేదన్నాను.

ఇంతలో సర్ కొత్త మాట చెప్పాడు. వానాకాలంలో తాపీ నదిలో, చెరువుల్లో మునిగిన వాటిని వెతికే బృందంలో ఒకే ఒక్క చోటు ఖాళీ ఉందట. ఆ బృందానికి నారింజ రంగు జాకెట్ ఇస్తారు. ఆ జాకెట్ వేసుకుని మా గల్లీలోకి స్కూటీ మీద రావాలని నాకు ఎంత ఆశో! దర్జీకి చెప్పి చేతులు కొంచెం కురచ చేయించుకోవాలని కూడా అనుకున్నాను. చోటు ఒకటి, ఆశపడేవాళ్లం ఇద్దరం. నిజానికి వదిన ఆశపడిందో లేదో తెలియదు. అడిగితే "నాకేం ఎర్క" అంది. అది ఇంకా మండించింది.

పరీక్ష తేలికైనదే. సర్ తన పాత టిఫిన్ డబ్బాలో గులకరాళ్లు నింపి క్వారీలోకి విసిరాడు. దాన్ని వెతికి తేవాలి. ఒక్కొక్కరికి ఒక్కసారే అవకాశం. డబ్బా లేకుండా పైకొస్తే అంతే సంగతులు. మొదట నేను దిగాలి, తాడు వదిన చేతిలో. తర్వాత ఆమె దిగాలి, తాడు నా చేతిలో.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మగ్గాల చప్పుడులో మాట వినబడదు. అందుకని నాన్న కాలం నుంచీ మా ఇంట్లో అంగీ అంచో, కొంగో పట్టి గుంజడం అలవాటు. ఒకసారి గుంజితే ఇటు చూడమని. రెండుసార్లయితే అన్నం తిందాం రమ్మని. మూడుసార్లు గుంజితే "పో, నా పని నన్ను చేసుకోనియ్" అని. షెడ్డులో పుట్టిన ఈ భాష ఇంట్లోకీ వచ్చేసింది. వదిన కాపురానికొచ్చిన మొదటి నెలలోనే నేర్చుకుంది.

ఆ పొద్దున నేను అడుగున బురద తడుముతున్నాను. రాళ్లు, పాత చెప్పు, ఏదో తీగ. డబ్బా లేదు. పై నుంచి తాడు ఒకసారి కదిలింది, బాగున్నావా అని. బదులిచ్చాను. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ ఇచ్చాను. ఇంకోసారి కదిలేసరికి నాకు మండింది. ఏంది నీ లొల్లి అనుకుంటూ చరచరా మూడుసార్లు గుంజేశాను. మరుక్షణం నేను పైకి లేస్తున్నాను.

గట్టు మీద నోట్లోంచి గొట్టం పీకి అరిచాను. "ఎందుకు గుంజినవ్? ఎవలు గుంజమన్నరు?"

"మూడు గుంజినవ్ కద," అంది వదిన, తాడు చుట్ట పెట్టుకుంటూ.

సర్ తలాడించాడు. ఆమెదే కరెక్టట. నా వంతు అయిపోయింది. కావాలనే చేసింది, అనుకున్నాను. మెల్లగా మాట్లాడేవాళ్లను నమ్మకూడదని కూడా అనుకున్నాను.

తర్వాత ఆమె దిగింది. తాడు నా చేతిలో. దొరకకూడదు దేవుడా, ఆ డబ్బా బురదలో పాతిపోవాలి అని మొక్కుకున్నాను. ఊరుకోలేక ఒకసారి గుంజాను. బాగున్నా అని వచ్చింది. మళ్లీ గుంజాను, మళ్లీ. పని చెడగొట్టడానికే గుంజుతున్నానని నాకు తెలుసు, చేతులు ఆగడం లేదు. అప్పుడు కింది నుంచి వచ్చింది: ఒకటి, రెండు, మూడు.

విసుక్కుంది! మా ఇంటి మూడే ఇది, నా పని నన్ను చేసుకోనియ్ అంటోంది. కానీ నీళ్ల రూలు ప్రకారం లాగాలి. లాగితే ఆమె కూడా ఖాళీ చేతులతో వస్తుంది, నాలాగే. రూలు ఎప్పుడూ నా పక్షాన నిలబడింది లేదు, ఆ రోజు నిలబడింది. రెండు కాళ్లూ రాతికి తన్ని పెట్టి, ఒళ్లంతా బలం చేసుకుని, సంబరంగా లాగాను. నీళ్లు చీల్చుకుని ముందు ఒక చెయ్యి పైకి వచ్చింది. ఆ చేతిలో సర్ టిఫిన్ డబ్బా ఉంది.

ఆమె గుంజింది నీళ్ల మూడే. పని అయిపోయింది, పైకి లాగమని. నేను లాగాను, నా చేతులారా.

తిరుగు దారిలో స్కూటీ నేను నడుపుతున్నాను. వెనక వదిన, వదిన ఒంటి మీద సర్ అప్పుడే ఇచ్చిన నారింజ జాకెట్. చేతులు ఆమెకు సరిగ్గా సరిపోయాయి, దర్జీ అవసరమే లేదు. హైవే పక్కన లేత జొన్నలతో చేసే పోంక్ వడల బండి కనబడగానే ఆమె వెనక నుంచి నా అంగీ రెండుసార్లు గుంజింది. తిందాం రమ్మని. బండి ఆపాను. ఆకలి కూడా వేస్తోంది, ఏం చేస్తాం!

వడ తుంచుతూ అడిగేశాను. "మనింట్ల మూడు గుంజితె ఏందో నీకు తెల్వదా వదినె?"

"ఎందుకు తెల్వది?"

"నేను కోపానికి గుంజిననని తెల్వదా?"

"తెలిసింది. నీ గుంజుడు నాకు తెల్వదా?"

"తెలిసి గుడ గుంజినవా! నా వంతు పోయింది గద!"

ఆమె చట్నీ నా వైపు జరిపింది. "నీ కోపం నాకు తెలుస్తది పిల్లా. నీళ్లకు తెలుస్తదా? గది కోపం కాకుంటె? నేను గుంజకుంటె నీకేమన్న అయితుండె. అత్తమ్మకు నేనేం చెప్పాలె?"

నేను వడను చట్నీలో ముంచాను. ఆమె ఊరుకోలేదు.

"మరి నేను మూడు గుంజినప్పుడు నువ్వేమనుకున్నవ్?"

"రూలు," అన్నాను. "రూలు ప్రకారం గుంజిన."

"ఆఁ, రూలే," అని ఆమె పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. "డబ్బా జూసినంక నీ మొఖం చూడాలె! ఏదన్న గానీ, వానకాలంల గుడ తాడు నువ్వే పట్టాలె. ప్రేమున్నోళ్లు గింత గట్టిగ గుంజరు."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ జాకెట్ మీద ఆశ మాత్రం ఇంకా పోలేదు. దాని అంచు పట్టుకుని మూడుసార్లు గుంజాను. ఆమె ఎటూ పోలేదు. తన ప్లేటులోని ఆఖరి వడ తీసి నా ప్లేటులో పెట్టింది.